పదకొండో పేరా

ఏమన్నావూ, పదకొండో పేరానా? రేపు నువ్వు జడ్జిగారి ముందు నిలబడి చదవబోయేది ఆ పేరానేనా? ఏదీ, ఇలా ఇవ్వు. కళ్ళజోడు ఆ పేపరు కింద ఉంటుంది చూడు. ఊఁ. "నిర్ణయమేదీ తీసుకోలేదని తెలుపుతూ శాఖ ఇచ్చిన ఉత్తరానికి నంబరూ తేదీ ఉన్నప్పుడు, ఆ ఉత్తరమే నిర్ణయమవుతుంది. దాన్ని సమీక్షించే పరిధి ఈ ట్రిబ్యునల్‌కు ఉంది." అబ్బో, అచ్చులోకి ఎక్కేసరికి ఎంత పెద్దమనిషి అయిపోయిందో. దీన్ని మొట్టమొదట టైపు కొట్టిన చేతులు ఎవరివనుకున్నావు? ఇవిగో, ఇవే. మూడు కార్బన్లు పెట్టి, ఒక్క తప్పు లేకుండా కొట్టాను. నవ్వకు. నీకు ఆ పేరా ఒక్కటే తెలుసు. దాని వెనకాల ఆరు కిలోమీటర్ల రోడ్డుంది తల్లీ. ఆ రోడ్డు ఏ పుస్తకంలోనూ అచ్చు వెయ్యరు.

ఆ తీర్పిచ్చినాయన్ని మేమంతా పరిధిగారు అనేవాళ్ళం. ఎదురుగా కాదులే, ఎదురుగా అయ్యగారే. పొడుగ్గా, సన్నగా, ఎండైనా వానైనా చేతిలో గొడుగుతో ఉండేవాడు. ఎవరు ఏ పిటిషను తెచ్చినా మొదటి మాట ఒక్కటే. "ముందు మన పరిధి చూద్దాం." ఇంట్లో ఆవిడ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, ఆ సంగతి చెప్పే అధికారం తనకుందా లేదా అని కాసేపు ఆలోచించేవాడని చెప్పుకునేవాళ్ళు. నేను చూడలేదు, చెప్పుకునేవాళ్ళు. రవాణా అప్పీళ్ళ ట్రిబ్యునల్ అంటే ఇప్పుడు మీకు లిఫ్టులూ ఏసీలూ గానీ, అప్పుడు పాత టైర్ల గోడౌను మీద రెండు గదులు. మెట్లెక్కేసరికి ముక్కు నిండా రబ్బరు వాసన. ఒక గదిలో ఆయన బల్లా, మూడు బెంచీలూ, రెండో గదిలో నేనూ, నా టైపు మిషనూ, తాళం పడని ఒక బీరువా. మెంబరు ఆయన ఒక్కడే, బెంచి గుమాస్తాని నేనొక్కణ్ణే. ట్రిబ్యునల్ మెంబరుకి కారు ఇవ్వాలని రూలుంది. ఇవ్వాలా వద్దా అన్న ఫైలు మాత్రం రవాణా శాఖలో ఉంది. అంటే ఎవరి మీద తీర్పు చెప్పాలో వాళ్ళే కారు ఇవ్వాలన్నమాట. కాబట్టి ఆయన బస్సులో వచ్చేవాడు. నేనూ అదే బస్సు. మాదంతా ఊరవతల ఒకే కాలనీ కదా.

ఎనిమిదిన్నర బస్సు. ఆ రోడ్డు మీద పొద్దున పూట అదొక్కటే, మళ్ళీ సాయంత్రం దాకా ఏమీ లేదు. మొదటి స్టాపులో ఒకావిడ ఎక్కేది. ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది, అందరూ దుప్పట్లావిడ అనేవాళ్ళు. ఎక్కగానే కిటికీ పక్క సీట్లో తన క్యారేజీ సంచి పెట్టి తను పక్కన కూర్చునేది. రెండో స్టాపులో పరిధిగారు ఎక్కితే సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, "కూర్చోండి బాబూ" అనేది. ఈయన "ఊఁ" అని కూర్చుని ఫైలు తెరిచేవాడు. నిలబడి చదివితే ఆయనకి కళ్ళు తిరిగేవి, అది ఆవిడ ఎప్పుడో ఒకసారి చూసింది. అంతే. తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణంతా కలిపితే నీ అరచేతిలో రాయొచ్చు. నాకెవరూ సీటు ఆపలేదు, నేను కడ్డీ పట్టుకుని వేలాడేవాణ్ణి. గుమాస్తాలకి కళ్ళు తిరగవని అనుకుని ఉంటుంది.

ఒక సోమవారం బస్సు రాలేదు. మంగళవారం రాలేదు. వారం రాలేదు. డిపోలో అడిగితే పైవాళ్ళనడగమన్నారు, పైవాళ్ళనడిగితే డిపోలో అడగమన్నారు. రద్దు చేశామని ఎవరూ చెప్పలేదు. నడుపుతున్నామని కూడా ఎవరూ చెప్పలేదు. బస్సు రావడం మానేసింది, అంతే. కాలనీ వాళ్ళు కొన్నాళ్ళు తిట్టుకున్నారు, సైకిళ్ళున్నవాళ్ళు సైకిళ్ళెక్కారు, కొందరు ఇళ్ళు మారారు. దుప్పట్లావిడ మాత్రం తిన్నగా మా ట్రిబ్యునల్ మెట్లెక్కి నా బల్ల ముందు నిలబడింది. నాకు భలే సంతోషమేసింది. ఎందుకంటావా? పిటిషను ఫారంలో నాలుగో గడి ఒకటుంది. "సవాలు చేయుచున్న ఉత్తర్వు నంబరు, తేదీ." ఆ గడి అడ్డం పెట్టుకుని నేను సగం మందిని మెట్ల దగ్గర్నుంచే తిప్పి పంపేవాణ్ణి. "ఆర్డరు కాపీ ఏదమ్మా?" అన్నాను. "ఆర్డరు లేదు బాబూ. బస్సు లేదు" అంది. "బస్సు లేదని ఆర్డరుండాలమ్మా. ఆర్డరు లేకుండా అప్పీలేమిటి, దేని మీద వేస్తావు?" అన్నాను. వెళ్ళిపోయింది. ఒక గండం గడిచిందనుకుని టీ తెప్పించుకున్నాను.

ఆవిడ వెళ్ళింది ఎక్కడికనుకున్నావు, రవాణా శాఖకి. అక్కడి కిటికీలన్నీ తిరిగి, బస్సు ఆపిన ఆర్డరు కాపీ ఇమ్మని రాసిచ్చి, నెల రోజులు వాళ్ళ వరండాలో కూర్చుని జవాబు పట్టుకొచ్చింది. "తమరు కోరిన విధమైన నిర్ణయమేదీ ఈ శాఖ తీసుకొని ఉండలేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది." చదివి నేను పకపకా నవ్వాను. "చూశావా అమ్మా, నిర్ణయమే లేదట" అన్నాను. ఆవిడ నవ్వలేదు. వేలు పెట్టి కాగితం పైన కుడివైపు చూపించింది. "ఇక్కడ నంబరేసి ఉంది కదా బాబూ. మా లాండ్రీలో నంబరు పడిందంటే దుప్పటి ఉన్నట్టే లెక్క. ఉతకాల్సిందే. చిరిగిందా, మాసిందా తరవాత సంగతి." నిజమే, ఆ శాఖవాళ్ళకి అదొక జబ్బు. నంబరు వెయ్యకుండా ఏ కాగితమూ గుమ్మం దాటనివ్వరు. మంచినీళ్ళ కుండ మార్చమని రాసినా నంబరే, ఏమీ చెయ్యలేదని రాసినా నంబరే. చేసిన పని ఎక్కడా రాయరు గానీ, చెయ్యని పనికి మాత్రం నంబరూ, తేదీ, గుండ్రటి ముద్రా, కింద సంతకం.

తమాషాగా ఉంటుందని ఆ కాగితం తీసుకెళ్ళి పరిధిగారికి చూపించాను. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. నవ్వుతాడని నేను చేతులు కట్టుకుని నించున్నాను. "కేసు నంబరు వెయ్యి" అన్నాడు. ఇక చూడు, నా టీ చల్లారిపోయింది.

మొదటి వాయిదా రోజున ఆయన కుర్చీలో కూర్చోగానే ముందుగా చెప్పేశాడు. "ఈ బస్సులో నేనూ ప్రయాణికుణ్ణే. పిటిషనరు నాకు ముఖపరిచయం. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి, తప్పుకుంటాను." తప్పుకుంటే ఇంకెవరున్నారు గనక, ఉన్నది ఒక్కడే మెంబరు. సర్కారు ప్లీడరు లేచాడు. గుండ్రంగా ఉండేవాడు, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ, మొహాన ఎప్పుడూ చిరునవ్వే. "అభ్యంతరం ఉందో లేదో శాఖనడిగి తెలుసుకోవాలి ప్రభూ" అన్నాడు. రెండు నెలలు వాయిదా. రెండు నెలలయ్యాక వచ్చి, "ప్రస్తుతానికి అభ్యంతరం లేదు, ముందుముందు రావచ్చు" అన్నాడు. అది నేను రికార్డులో రాసుకున్నాను. రాసుకునేటప్పుడు చాలా గంభీరంగా మొహం పెట్టుకోవాలి, అది మా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం.

ఇక అసలు విచారణ. అసలు విచారణ అంటే బస్సు గురించనుకునేవు, కాదు. బస్సు గురించి విచారించవచ్చా అన్నదాని గురించి విచారణ. పద్నాలుగు నెలలు అదే. పరిధిగారు ఆరు కిలోమీటర్లు నడిచొచ్చి, మోకాళ్ళ దాకా దుమ్ముతో కుర్చీలో కూలబడి, గ్లాసుడు నీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, "బస్సు తిరగడం లేదనడానికి రుజువేమిటి?" అని అడిగేవాడు. ఒట్టు. నవ్వాపుకోలేక బల్ల కింద తలపెట్టి పెన్సిలు వెతుక్కునేవాణ్ణి. మరి ఆయన కళ్ళతో ఆయన చూసింది ఆయనకి తెలియనట్టే, రికార్డులోకి వచ్చిందే తెలిసినట్టు. ప్లీడరు లేచి, "తిరగడం లేదని మేము ఒప్పుకోవడం లేదండి" అనేవాడు. "అయితే తిరుగుతోందా?" "అలాగని కూడా మేము అనడం లేదండి." ఒక వాయిదాకి, అసలు నిర్ణయమే లేదు కాబట్టి మీరు చూడకూడదు అన్నాడు. ఇంకో వాయిదాకి, ఉన్నా అది ప్రభుత్వ విధానం కాబట్టి మీరు చూడకూడదు అన్నాడు. మరో వాయిదాకి, విధానం కాకపోయినా చట్టంలో బస్సు నడిపేవాడు అప్పీలు వెయ్యొచ్చని ఉంది గానీ ఎక్కేవాడు వెయ్యొచ్చని లేదు అన్నాడు. మూడు గుమ్మాలు, మూడిటికీ గొళ్ళాలు. అంతా అయ్యాక బయటికొచ్చి శాఖ జీపులో ఎక్కేవాడు. పొద్దున్నే అదే జీపులో మా రోడ్డునే వచ్చేవాడు కూడా, పొలాలేవో ఉండేవి అటు. మమ్మల్ని చూసి జీపు ఆపి, "ఎక్కండి ప్రభూ, ఎండ" అనేవాడు. పరిధిగారు, "మీరొక పార్టీ తరఫు మనిషి" అని తల తిప్పుకునేవాడు. నన్ను ఎక్కమంటే ఎక్కేవాణ్ణే. నన్ను అడగలేదు.

ఆ నడక గురించి చెప్పాలి నీకు. ఆవిడా అదే రోడ్డున నడిచేది. వేరే దారేముంది? కేసు నంబరు పడ్డ రోజు నుంచీ ఈయన ఆవిడతో మాట కాదు కదా, ఆవిడ పక్కన నడవడం కూడా మానేశాడు. పార్టీతో జడ్జి కలిసి నడుస్తున్నాడని ఎవరైనా అంటే కేసు పోతుందని. అదీ నిజమే, అనేవాళ్ళే. అందుకని ముందు ఆవిడ, యాభై అడుగులు వెనకాల ఆయన, మధ్యలో నేను. భుజాన నా సంచి. రోజూ, వానలోనూ, ఎండలోనూ, ముగ్గురం ఒకే బస్సు కోసం ఒకే రోడ్డు మీద, ఒకరికొకరు తెలియనట్టు. దారిన పోయేవాళ్ళు మేం ముగ్గురం దెబ్బలాడుకున్నామని అనుకుని ఉంటారు. ఆవిడ ఎప్పుడైనా ఆగి నన్ను అడిగేది. "బాబూ, ఇంకా తేలలేదా?" "ఇంకా పరిధి దగ్గరే ఉందమ్మా" అనేవాణ్ణి. "అదెంత దూరం?" అనేది పాపం, అదేదో ఊరనుకుని.

ఆవిడకెందుకంత పట్టుదల అని అడిగావు చూడు, అదీ మంచి ప్రశ్న. నాకూ మొదట్లో తెలీదు. మొండి మనిషి అనుకున్నాను. ఒకసారి నోటీసు మీద సంతకం కావాల్సొచ్చి ఆస్పత్రికి వెళ్ళాను. లాండ్రీలో ఆవిడ పని పన్నెండింటికి మొదలు. కానీ పదింటికి వార్డులో ఉంటుంది వెళ్ళమన్నారు. వెళ్ళాను. మంచం మీద ఆవిడ భర్త. డిపోలో మెకానిక్కుగా ముప్ఫై ఏళ్ళు ఆ శాఖ బస్సుల కిందే పడుకున్నవాడు. పక్షవాతమొచ్చి మాట పోయింది, మనుషుల్ని పోల్చుకోవడం పోయింది. పది నుంచి పదకొండు దాకా రోగులకి తిండి పెట్టే వేళ, బయటివాళ్ళని అప్పుడే రానిస్తారు. నర్సమ్మలు పెడితే పళ్ళు బిగపట్టేసేవాడట. ఈవిడ జావ గిన్నె పట్టుకుని, చెంచాతో గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టింది. టింగ్ టింగ్. కండక్టరు బండి కదలమని కొడతాడు చూడు, రెండు గంటలు, అలా. ఆయన నోరు తెరిచాడు. ఒక చెంచా. మళ్ళీ టింగ్ టింగ్, మళ్ళీ ఒక చెంచా. గిన్నె ఖాళీ అయ్యేదాకా అలాగే. నర్సమ్మలు కొట్టి చూశారట, వాళ్ళకి తెరవలేదు. ఎలా తెలిసేదో మరి ఆయనకి. నేను సంతకం తీసుకుని వచ్చేశాను. పరిధిగారికి చెప్పలేదు. రికార్డులో లేనిది ఆయనకి చెప్పకూడదు కదా. నేను అప్పుడు రూలు తెలిసినవాణ్ణి.

ఆవిడ మోకాళ్ళు మంచివి కావు. ఏళ్ళ తరబడి తడి గచ్చు మీద నిలబడి దుప్పట్లు పిండిన మోకాళ్ళు. మొదట్లో మేం ఎంత నడిచినా ఆవిడ యాభై అడుగులు ముందే ఉండేది. ఆరు నెలలకి ఆవిడ అరగంట ముందు బయల్దేరడం మొదలెట్టింది, అయినా ఊరి మొదట్లో మాకు ఆవిడ వీపు కనపడేది. తరవాత గంట ముందు. అయినా రైలు గేటు దగ్గరే కనపడేది. ఇంకా తరవాత ఇటుక బట్టీ దగ్గర. ఇటుక బట్టీ అంటే మా కాలనీ నుంచి మూడు కిలోమీటర్లు, అంతే. దాటేసి వెళ్ళొచ్చు. నేను దాటేద్దామనే అనేవాణ్ణి. పరిధిగారు దాటేవాడు కాదు. ఆవిణ్ణి దాటేటప్పుడు పక్కపక్కన రావాలి కదా, పక్కకొస్తే పలకరించాలి, పలకరిస్తే కేసు పోతుంది. అలా అని పలకరించకుండా దాటిపోవడానికి ఆయనకి మనసొప్పదు. అందుకని వంగి బూటు లేసు కట్టుకునేవాడు. కట్టుకుని లేచి పదడుగులు వేసి, మళ్ళీ వంగేవాడు. ఆయన బూట్లకి లేసులే లేవు తల్లీ. ఎవరో బతిమాలి అమ్మిన లేసుల్లేని బూట్లవి. ఆయన గాలిలో ముడేస్తుంటే, నేను ఆకాశం చూస్తూ నించునేవాణ్ణి. పదింటికి మొదలవ్వాల్సిన కోర్టు పదీ ముప్పావుకి మొదలయ్యేది. మెంబరు ఆలస్యంగా వస్తున్నారని ప్లీడరు శాఖకి రాశాడు. ఆ ఉత్తరానికీ నంబరుంది.

మొత్తానికి వాదనలు అయిపోయాయి. పరిధిగారు వారం రోజులు ఇంట్లో కూర్చుని స్వయంగా చేత్తో రాశాడు, నాకు తెచ్చిచ్చాడు. నేను టైపు కొట్టాను. పదకొండో పేరా కొడుతూ, నిజం చెబుతున్నాను, మధ్యలో ఆపి రెండోసారి చదువుకున్నాను. నంబరు పడిందంటే దుప్పటి ఉన్నట్టే అని ఆవిడన్న మాటే ఈయన ఇంత భాషలో చెప్పాడు. చివర్లో, వారం రోజుల్లో బస్సు నడపాలి అని ఉంది. ఆయన సంతకం పెట్టి, కవర్లో పెట్టించి, లక్క వేయించి, "దగ్గర్లో తారీఖు వెయ్యి" అన్నాడు. తీర్పు కోర్టులో పైకి చదివేదాకా అది తీర్పు కాదు, కాగితం. బీరువాకి తాళం పడదని చెప్పానుగా, లక్క కవర్లు నా సంచిలోనే ఇంటికీ ఆఫీసుకీ తిరిగేవి. అది కూడా సంచిలో వేసుకున్నాను.

మర్నాడు వరండాలో ప్లీడరు నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతవరకూ ఆ మనిషి నన్ను "ఏయ్ బెంచీ" అని పిలిచేవాడు. ఆ రోజు, "బెంచి గుమాస్తాగారూ, మా కోడలికి పురుడు, మూడు వారాలు ఊళ్ళో ఉండను. నేను లేకుండా చదివించేస్తారా ఏమిటి, మీ చేతిలో పనేగా" అన్నాడు. గారూ అన్నాడమ్మా. మీరు అన్నాడు. నాకు ఎక్కడికో వెళ్ళిపోయినట్టయింది. ఇరవై రెండు రోజుల తరవాతకి తారీఖు వేసి, నోటీసు బోర్డు మీద అతికించాను. పరిధిగారు చూసి, "అంత దూరమెందుకు?" అన్నాడు. "రెండు పార్టీలూ ఉండాలండి, రూలు" అన్నాను. రూలా? ఆ రూలు తరవాత చదివాను. నోటీసు ఇస్తే చాలు, ఎవరూ ఉండక్కర్లేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ ముక్క చదవలేదు నేను. చదివే అవసరం రాలేదనుకో.

తారీఖు వేసిన పన్నెండో రోజున ఇటుక బట్టీ దగ్గర ఆవిడ రాయి మీద కూర్చుని ఉంది. నేను ముందుకెళ్ళాను. వెనకాల ఈయన లేసు కట్టుకుంటున్నాడు. "బాబూ, తేలిందా?" అంది. నా భుజాన సంచి ఉంది. సంచిలో అది ఉంది. "రాస్తున్నారమ్మా" అన్నాను. చదవని తీర్పు గురించి పార్టీకి చెప్తే ఉద్యోగం ఊడుతుంది, అదైతే నిజం రూలే. "ఎన్నాళ్ళు పడుతుంది?" "పది రోజులు." ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, మోకాలితో మాట్లాడుతున్నట్టు, "పది రోజులు ఓర్చుకుంటావుటే?" అంది. లేచింది. నడిచింది.

పద్నాలుగో రోజు ఇటుక బట్టీ దగ్గర ఆవిడ లేదు. రోడ్డు మీద కనుచూపుమేరలో ఎక్కడా లేదు. పరిధిగారు బట్టీ దగ్గరే ఆగిపోయాడు. వంగలేదు, లేసులు కట్టలేదు, నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, "వెనక్కి వెళ్ళి చూసి వద్దామా?" అన్నాడు. అన్నేళ్ళలో ఆయన రూలు తప్పుదామా అని నన్ను అడగడం అదొక్కసారే. "పార్టీ ఇంటికి మనం వెళ్ళకూడదండి" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన నా మొహం చూసి, గొడుగు తెరుచుకుని నడిచాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆవిడ మోకాలు ఇంత లావున వాచి మంచం దిగలేకపోయిందట. ఆస్పత్రిలో నర్సమ్మలు చెంచాలు కొట్టారట, గిన్నెలు కొట్టారట. ముక్కులోంచి గొట్టం వేశారట. పంతొమ్మిదో రోజున ఆవిడ భర్త అయిపోయాడు. ఎవరో రిక్షాబండి మీద ఆవిణ్ణి తీసుకెళ్ళారని, తీసుకెళ్ళేసరికి దుప్పటి కప్పేశారని తెలిసింది. దాని మీద కూడా నంబరుండే ఉంటుంది, వాళ్ళ లాండ్రీదే కదా.

ఇరవై రెండో రోజు ప్లీడరు దిగాడు. మనవడు పుట్టాడని అందరికీ తీపి పంచాడు, నేనూ తిన్నాను. తీర్పు చదవబోతుంటే లేచి, "ప్రభూ, పిటిషనరు భర్త కాలం చేశాడని తెలిసింది. ఆవిడకి ఇక ఆ బస్సుతో పనిలేదు. ఫిర్యాదే లేనప్పుడు పరిధి ఎక్కడిది?" అన్నాడు. అది నాలుగో గుమ్మం. చూశావా ఎంత చురుకో. పరిధిగారు అతనివంక చూడను కూడా చూడలేదు. చదివాడు. పదకొండో పేరా కూడా ఎక్కడా ఆగకుండా చదివాడు. బెంచీల మీద ఎవరూ లేరు, ప్లీడరూ నేనూ. కింద గోడౌనులో ఎవరో టైర్లు దొర్లిస్తున్నారు.

శాఖ పై కోర్టుకి వెళ్ళాలనుకుంది. కానీ వెళ్ళాలా వద్దా అని నిర్ణయించే అధికారం వాళ్ళలో ఎవరిదో తేల్చుకునేసరికి గడువు దాటిపోయింది. అందుకే ఆ తీర్పు నిలబడింది. నిలబడే ఇవాళ నీ చేతిలో ఉంది. బస్సు వేశారు. తీర్పు వల్ల కాదట, ప్రజల కోరికపై దయతో వేశారట, అలాగని బోర్డు కూడా పెట్టారు. మొదటి రోజు పరిధిగారు రెండో స్టాపులో ఎక్కాడు. కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది, సంచి లేదు. కూర్చోలేదాయన. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు. కండక్టరు రెండు గంటలు కొట్టాడు. ఈయనకి ఆ గంటల సంగతి తెలీదు కదా, మామూలుగానే నించున్నాడు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను కిటికీలోంచి బయటికి చూశాను. రిటైరయ్యేదాకా, రెండేళ్ళు, ఆయన నిలబడే ప్రయాణం చేశాడు. ఫైలు తెరిచేవాడు కాదు. ఆవిడ చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది. ఏ ఊరో నేనడగలేదు. అడగడానికి నాకేం మొహముంది?

ఆఖరి రోజుల్లో ఒకసారి ఆయన్ని చూడడానికెళ్ళాను. మంచం మీద ఉన్నాడు. గొడుగు తలుపు వెనకాల వేలాడుతోంది. అదీ ఇదీ మాట్లాడాం. వచ్చేస్తుంటే పిలిచి, "ఒక మాట అడుగుతాను, చెప్పు. అది నా పరిధిలోది కాదనుకో. తారీఖు దూరం వేసి, ఆ ఇరవై రోజులూ రోజూ నాతో నడిచావు. భుజాన సంచి ఉండేది కదా, అందులో ఏం మోసేవాడివి?" అన్నాడు.

టిఫిను డబ్బా అండీ, గొడుగండీ, అన్నాను. "ఊఁ" అన్నాడు.

ఆ కిటికీ వెయ్యమ్మా. దుమ్ము లోపలికొస్తోంది.